అవతలి బండికి ఇన్సూరెన్స్ లేకపోతే

గుద్దినవాడికి ఇన్సూరెన్స్ లేదని తెలియగానే చాలామంది అక్కడికక్కడే ఆశ వదిలేసుకుంటారు. ‘వాడి దగ్గర ఏముందని వసూలు చేస్తాం, మన ఖర్మ’ అనుకుని కారు షెడ్డుకు తోలుకుపోతారు. ఇంకొందరు కోపం పట్టలేక తాళాలు లాక్కుని, చొక్కా పట్టుకుని, చివరికి స్టేషన్లో తామే సంజాయిషీ చెప్పుకునే స్థితి తెచ్చుకుంటారు. ఈ ఇద్దరిలో ఎవరికీ డబ్బు రాదు.

అవతలి వాడికి పాలసీ లేకపోయినంత మాత్రాన మీకు జరిగిన నష్టం అతని బాకీ కాకుండా పోదు. పాలసీ ఉంటే ఆ బాకీ కంపెనీ తీర్చేది. థర్డ్ పార్టీ పాలసీ కింద ఎదుటివారి ఆస్తి నష్టానికి కార్లకైతే 7.5 లక్షల దాకా, బైకులకైతే లక్ష దాకా మామూలుగా కవర్ ఉంటుంది. పాలసీ లేదు గనక ఆ భారమంతా నడిపినవాడి మీదా, బండి ఎవరి పేరున ఉందో ఆ ఓనరు మీదా పడుతుంది. ఈ అధ్యాయం అంతా ఆ బాకీని ఎలా నిలబెట్టుకోవాలి, ఎలా రాబట్టుకోవాలి అన్నదాని గురించే.

ఇన్సూరెన్స్ లేని బండి మన రోడ్ల మీద అరుదేమీ కాదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ప్రకారం థర్డ్ పార్టీ బీమా లేకుండా బండి రోడ్డెక్కడమే నేరం. 196వ సెక్షన్ కింద మొదటిసారి పట్టుబడితే 2,000 రూపాయల జరిమానా గానీ, 3 నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. అయినా ప్రభుత్వ లెక్కల్లోనే దాదాపు సగం బండ్లకు బీమా లేదు. 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త కారు కొంటే 3 ఏళ్లకు, కొత్త బైకు కొంటే 5 ఏళ్లకు థర్డ్ పార్టీ బీమా ఒకేసారి కట్టాల్సిందే. అందుకని షోరూమ్ నుంచి దిగిన కొత్తలో బండికి ఏదో ఒక కవర్ ఉంటుంది. ఆ గడువు దాటి, బండి చేతులు మారి, రెండో ఓనరు దగ్గరికో మూడో ఓనరు దగ్గరికో చేరాకే రెన్యువల్ మూలపడుతుంది. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, మిమ్మల్ని గుద్దిన ఇన్సూరెన్స్ లేని బండి చాలావరకు పాత బండే అయి ఉంటుంది. దాన్ని నడుపుతున్నవాడి పేరు ఒకటి, ఆర్సీలో పేరు ఇంకొకటి ఉండే అవకాశమూ ఎక్కువ.

రోడ్డు పక్కన మొదటి గంట

ఒక ఉదాహరణ పట్టుకుని నడుద్దాం. ఆరేళ్ల పాత స్విఫ్ట్. విజయవాడ నుంచి హైదరాబాద్ వస్తూ సూర్యాపేట దాటారు. ముందు లారీ స్లో అయింది, మీరూ బ్రేకు వేశారు. వెనక వస్తున్న ట్రాలీ ఆటో ఆగలేక వచ్చి డిక్కీకి గుద్దుకుంది. మనుషులకు ఏమీ కాలేదు. డ్రైవరు దిగి వచ్చి దండం పెడతాడు. ‘అన్నా, బండి నాది గాదన్నా, మా బామ్మర్దిది. ఇన్సూరెన్స్ అయిపోయింది, మళ్ల కట్టలే. ఐదు వేలు ఫోన్‌పే కొడ్తా, ఇడిసిపెట్టు.’ చుట్టూ చేరినవాళ్లు కూడా ‘పోనియ్యి సార్, గరీబోడు’ అంటారు.

ఆ డ్రైవరు మాటల్లో మీకు కావలసినవన్నీ ఉన్నాయి. బండి ఓనరు వేరే మనిషి. పాలసీ గడువు దాటింది. తప్పు తనదేనని ఒప్పుకుంటున్నాడు. ఈ మాటలు గాలికి పోకుండా చూసుకోవడమే మొదటి గంటలో మీ పని. గొంతు పెంచకుండా, ఫోన్ తీసి వీడియో ఆన్ చేసి, ‘ఏం జరిగిందో మళ్లీ ఒకసారి చెప్పు తమ్ముడూ’ అని అడగండి. చాలామంది చెబుతారు. కోపంగా అడిగితే మాత్రం ఎవరూ చెప్పరు.

అన్నిటికంటే ముందు హజార్డ్ లైట్లు వేసి, పిల్లల్నీ పెద్దవాళ్లనీ రోడ్డు దింపి పక్కన నిలబెట్టండి. జాతీయ రహదారి అయితే 1033కి, ఎక్కడైనా 112కి ఫోన్ చేయొచ్చు. బండ్లు జరపకముందే నాలుగైదు ఫొటోలు తీయండి: రెండు బండ్లూ కలిసి కనబడేలా దూరం నుంచి ఒకటి, రెండు నంబరు ప్లేట్లు, అవతలి బండి ముందుభాగం, రోడ్డు మీద టైరు గీతలు. అతని లైసెన్సు, ఆర్సీ ఫొటో తీసుకోండి. ఫోన్ నంబరు రాసుకుని ఊరుకోకుండా అక్కడే మిస్డ్ కాల్ ఇచ్చి చూడండి.

తర్వాత ఎమ్‌పరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టండి. ఓనరు పేరు సగం సగమే కనబడినా, ఇన్సూరెన్స్ ఎప్పటివరకు ఉందో తేదీ వస్తుంది. ఆ తెరను టైముతో సహా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఈ చిన్న పని చాలామందికి తట్టదు. ప్రమాదం జరిగాక గబగబా ఆన్‌లైన్‌లో పాలసీ కట్టేసి, ‘ఇదిగో నాకు ఇన్సూరెన్స్ ఉంది’ అని రెండో రోజు కాగితం చూపించేవాళ్లు ఉన్నారు. పాలసీ మీద అది ఏ గంట నుంచి అమల్లోకి వచ్చిందో రాసి ఉంటుంది. ప్రమాదం తర్వాత కట్టిన పాలసీకి ఆ ప్రమాదంతో సంబంధం ఉండదు. మీ స్క్రీన్‌షాట్ ఉంటే ఆ వాదన మొదట్లోనే తేలిపోతుంది. యాప్‌లో వివరాలు ఎక్కడం ఆలస్యమైన సందర్భాలూ ఉంటాయి కాబట్టి పాలసీ కాపీ చూపించమని అతన్నీ అడగండి. నిజంగా పాలసీ ఉంటే మీ పని సగం తేలికవుతుంది.

దగ్గర్లో పెట్రోలు బంకో టోల్‌గేటో ఉంటే అక్కడి సీసీ కెమెరా రికార్డు కొద్ది రోజుల్లోనే చెరిగిపోతుంది. దాన్ని భద్రపరచమని ఫిర్యాదులోనే రాయండి. మీ డ్యాష్‌క్యామ్ కార్డును తీసి పక్కన పెట్టండి, వాట్సాప్‌లో పంపి అసలు ఫైలు తుడిచేయకండి. కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. అసలు ఫైలు, అసలు ఫోన్ ఉన్నప్పుడే అది సులువవుతుంది.

ఇక ఐదు వేల సంగతి. తీసుకోకండి. తీసుకున్నా ‘అంతా తేలిపోయింది’ అని రాసివ్వకండి. వెనకనుంచి చూస్తే బంపరు పగిలినట్టే కనబడుతుంది. షెడ్డులో బంపరు విప్పితే బ్యాక్ ప్యానెల్ లోపలికి నొక్కుకుపోయి ఉంటుంది, స్టెప్నీ పెట్టే డిక్కీ ఫ్లోరు మడత పడి ఉంటుంది, డోరు లాక్ కొక్కెం కలవదు. టింకరింగ్ మేస్త్రీ టార్చి వేసి చూపించాకే అసలు ఖర్చు తెలుస్తుంది. బంపరు విప్పకముందు ఏ మొత్తానికీ ఒప్పుకోకపోవడం ఈ అధ్యాయంలో నేను గట్టిగా పట్టుబట్టే విషయం.

స్టేషన్

మనుషులకు దెబ్బలు తగలకపోతే పోలీసులు సాధారణంగా ‘మీరూ మీరూ మాట్లాడుకోండి’ అంటారు. రాజీ మాట్లాడుకోండి, తప్పులేదు. ఫిర్యాదు మాత్రం రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకున్నాకే మాట్లాడండి. నిర్లక్ష్యంగా బండి నడపడానికి భారతీయ న్యాయ సంహిత 281వ సెక్షన్, మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్, బీమా లేనందుకు 196వ సెక్షన్ వర్తిస్తాయి. ఫిర్యాదులో ఈ సెక్షన్లు మీరు రాయనక్కర్లేదు. తేదీ, టైము, చోటు, ఏ దిక్కునుంచి ఏ దిక్కుకు వెళ్తున్నారు, ఎవరు ఎక్కడ గుద్దారు, అవతలి బండికి ఇన్సూరెన్స్ లేదని డ్రైవరే చెప్పాడు అన్న విషయాలు సాదా తెలుగులో ఉంటే చాలు. స్టేషన్లో తీసుకోకపోతే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం ఎస్పీకి పోస్టులో పంపొచ్చు.

ఫిర్యాదు నమోదయ్యాక వచ్చే కాగితాల్లో ఒకటి మీకు చాలా విలువైనది: ఎంవీఐ రిపోర్టు. మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్ రెండు బండ్లనూ చూసి, ఏ బండికి ఎక్కడ దెబ్బ తగిలింది, బ్రేకులు పనిచేస్తున్నాయా లేదా, ప్రమాదానికి యాంత్రిక లోపం కారణమా కాదా అని రాసిస్తాడు. ‘బ్రేకు ఫెయిలైంది, నా తప్పేం లేదు’ అన్న వాదనకు చాలాసార్లు అందులోనే జవాబు దొరుకుతుంది. అందుకే ఈ తనిఖీ కాకముందు మీ కారు రిపేరు మొదలుపెట్టించకండి.

ఓనరు ఎవరో, అడ్రస్ ఏమిటో అవతలివాళ్లు దాస్తే మోటారు వాహనాల చట్టం 160వ సెక్షన్ మీకు అండగా ఉంది. నష్టపరిహారం కోరే హక్కున్న మనిషి అడిగి, నిర్ణీత రుసుము కడితే బండి గుర్తింపు వివరాలు, నడిపినవాడి పేరు, అడ్రస్ పోలీసులు గానీ ఆర్టీఓ గానీ ఇవ్వాల్సిందే.

సొంత పాలసీ వాడుకోవాలా?

మీకు ఓన్ డ్యామేజీ కవర్ ఉన్న పాలసీ ఉంటే అవతలివాడి కోసం ఎదురుచూడకుండా మీ కంపెనీ దగ్గర క్లెయిము చేసుకోవచ్చు. తప్పు అవతలివాడిదైనా సరే, అది మీ హక్కు. అదే రోజు కంపెనీకి తెలియజేయండి. సర్వేయరు చూసేదాకా బండిని ముట్టుకోనివ్వకండి. విప్పాక కొత్త డ్యామేజీ బయటపడితే మళ్లీ సర్వేయరును పిలిపించి దాన్నీ ఎస్టిమేషన్‌లో చేర్పించండి.

ఇక్కడ లెక్క తెలిసుండాలి. మన స్విఫ్ట్ బిల్లు ఇలా వచ్చిందనుకోండి: బంపరు 8,000, డిక్కీ డోరు 22,000, బ్యాక్ ప్యానెల్ 10,000, వెనకద్దం 6,000, పెయింటింగ్ 16,000, టింకరింగ్ కూలి 12,000. మొత్తం 74,000 రూపాయలు. మామూలు పాలసీలో ప్లాస్టిక్ భాగాలకు సగం తరుగు తీస్తారు, బంపరులో 4,000 పోయింది. 5 ఏళ్లు దాటి 10 ఏళ్లలోపు కారు కాబట్టి ఇనుప భాగాలకు 40 శాతం, అంటే డోరులో 8,800, ప్యానెల్‌లో 4,000 పోయాయి. అద్దానికి తరుగు లేదు. పెయింటింగ్ బిల్లులో నాలుగో వంతును రంగు ఖరీదుగా తీసుకుని అందులో సగం కోస్తారు, ఇంకో 2,000. కూలికి కోత లేదు. తరుగు మొత్తం 18,800. పైన, 1,500 సీసీ లోపు కార్లకు తప్పనిసరిగా మీరు భరించాల్సిన 1,000. కంపెనీ ఇచ్చేది 54,200. మీ జేబులోంచి 19,800.

అంతటితో అయిపోలేదు. 50 శాతం నో క్లెయిమ్ బోనస్ ఉన్నవాళ్లకు ఈ ఒక్క క్లెయిముతో అది సున్నాకు పడిపోతుంది. తర్వాత 20, 25, 35, 45, 50 శాతాలుగా మెట్లెక్కి మళ్లీ పైకి రావాలి. ఓన్ డ్యామేజీ ప్రీమియం ఏటా 8,000 అనుకుంటే, మొదటి ఏడు 4,000, తర్వాత వరుసగా 2,400, 2,000, 1,200, 400. అంతా కలిపితే 10,000 రూపాయలు. అంటే సొంత పాలసీ వాడుకున్నా ఈ ప్రమాదానికి మీరు చెల్లించుకునేది దాదాపు 30,000. అవతలివాడి నుంచి మీరు రాబట్టాల్సింది కూడా ఈ మొత్తమే. కంపెనీ ఇచ్చేసిన 54,200ను మళ్లీ అతని దగ్గర మీరు తీసుకోకూడదు. దాన్ని వసూలు చేసుకునే హక్కు మీ తరఫున కంపెనీకి వెళుతుంది.

నా అభిప్రాయం అడిగితే, మొత్తం బిల్లు 15,000 లోపు ఉండి మీకు మంచి బోనస్ ఉంటే పాలసీ జోలికి పోకండి. తరుగు పోగా చేతికొచ్చేది ఎంతో, రాబోయే ఏళ్లలో పోయే బోనస్ ఎంతో పక్కపక్కన రాసుకుని చూస్తే మీకే అర్థమవుతుంది. జీరో డిప్రిసియేషన్ కవర్ ఉంటే తరుగు కోతలు దాదాపుగా ఉండవు, అప్పుడు లెక్క మారుతుంది. మీది థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే అయితే ఈ గొడవే లేదు, 74,000 మొత్తం అవతలివాడి నుంచే రావాలి.

ఒక హెచ్చరిక. మీరు సొంత కంపెనీలో క్లెయిము వేస్తూనే, అవతలివాడికి ‘నాకు ఇక ఏ హక్కూ లేదు, అంతా ముట్టింది’ అని రాసిచ్చారనుకోండి, కంపెనీ వసూలు హక్కును మీరే చెరిపేసినట్టవుతుంది. దాన్ని కారణంగా చూపి మీ క్లెయిమునే నిరాకరించవచ్చు. రాజీకి ముందు కంపెనీకి ఒక మెయిల్ పెట్టి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

కంపెనీయే అన్యాయంగా కోత పెడితే ముందు వాళ్లకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ అదే కార్యాలయం. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

రాజీ కుదిరితే కాగితం ఎలా ఉండాలి

మన దగ్గర ఇలాంటివి ఎక్కువగా తేలేది పెద్దమనుషుల సమక్షంలో. అది తప్పుదారి ఏమీ కాదు. ట్రాలీ ఆటో నడుపుకుని బతికేవాడి చేత ఒకేసారి 30,000 కక్కించాలని చూస్తే ఫోన్ స్విచాఫ్ చేసి పోతాడు. నెలకు 3,000 చొప్పున పది నెలలంటే కట్టగలడు. వాయిదాలకు ఒప్పుకోవడం మీ మంచితనమే కాదు, మీ డబ్బుకూ అదే మేలు. నోటిమాట మీద మాత్రం వదలకండి.

మన ఊళ్లలో అందరికీ తెలిసిన ప్రోనోటు ఇక్కడ చక్కగా పనికొస్తుంది. ఫలానా తేదీన ఫలానా చోట జరిగిన ప్రమాదంలో ఫలానా నంబరు కారుకు జరిగిన నష్టం కింద ఇంత ఇవ్వాల్సి ఉందని ముందు ఒక ఒప్పందం రాసుకుని, ఆ మొత్తానికి రూపాయి రెవెన్యూ స్టాంపు మీద సంతకంతో నోటు తీసుకోండి. డ్రైవరొక్కడి చేత కాదు, బామ్మర్ది చేత కూడా, అంటే ఆర్సీలో ఉన్న ఓనరు చేత కూడా సంతకం పెట్టించండి. నోటు మీద దావాకు రాసిన తేదీ నుంచి 3 ఏళ్ల గడువు ఉంటుంది. చెక్కు ఇస్తే ఇంకా మంచిది. చెక్కు బౌన్సయితే బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. నోటీసు అందాక 15 రోజుల్లో డబ్బు కట్టకపోతే, ఆ తర్వాత నెల లోపు కోర్టులో ఫిర్యాదు వేయొచ్చు. నోటీసు గడువు గానీ, ఫిర్యాదు గడువు గానీ దాటితే కేసు బలహీనపడుతుంది.

రోడ్డు మీద పదిమంది చుట్టుముట్టి రాయించుకున్న నోటు కోర్టులో నిలబడదు. బెదిరించి రాయించారని అతనంటే చట్టం అతని మాట వింటుంది. అందుకే ఒకటి రెండు రోజులు ఆగి, షెడ్డు ఎస్టిమేషన్ చేతిలో పెట్టుకుని, అతని తరఫు మనిషి కూడా సాక్షి సంతకం పెట్టేలా కూర్చుని మాట్లాడండి.

దీనికంటే గట్టి దారి ఇంకొకటి ఉంది, తెలిసినవాళ్లు తక్కువ. ప్రతి జిల్లా కోర్టు ఆవరణలోనూ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. కేసు వేయకముందే అక్కడ దరఖాస్తు ఇస్తే అవతలివాళ్లకు నోటీసు పంపి లోక్ అదాలత్ ముందు కూర్చోబెడతారు. ఖర్చు లేదు. అక్కడ కుదిరిన రాజీకి 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం సివిల్ కోర్టు డిక్రీకి ఉన్న విలువే ఉంటుంది, దాని మీద అప్పీలూ ఉండదు. వాయిదా ఎగ్గొడితే మళ్లీ మొదటినుంచి దావా వేయనక్కర్లేదు, నేరుగా అమలు పిటిషన్ వేయడమే. 20,000, 30,000 రూపాయల బాకీలకు ట్రిబ్యునల్ కంటే నేను ఈ దారినే ముందు చెబుతాను.

ట్రిబ్యునల్

రాజీ కుదరకపోతే, మొత్తం పెద్దదైతే, మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. అక్కడ కేసులు చావులకు, గాయాలకు మాత్రమే అనుకుంటారు చాలామంది. మోటారు వాహనాల చట్టం 165వ సెక్షన్ ప్రకారం ఎదుటివారి ఆస్తి నష్టం కూడా ట్రిబ్యునల్ పరిధిలోదే, మీ కారు కూడా ఆస్తే. ట్రిబ్యునల్ ఉన్నచోట ఇలాంటి క్లెయిము మామూలు సివిల్ కోర్టులో వేయడానికి 175వ సెక్షన్ ఒప్పుకోదు. వకీళ్లు దీన్ని ఎంవీఓపీ అంటారు. ప్రమాదం సూర్యాపేట దగ్గర జరిగినా మీరు హైదరాబాద్‌లో ఉంటే హైదరాబాద్‌లోనే వేయొచ్చు. ప్రమాదం జరిగిన చోటు, మీరు నివసించే లేదా వ్యాపారం చేసే చోటు, ప్రతివాది ఉండే చోటు, వీటిలో ఏదైనా ఎంచుకునే హక్కు 166వ సెక్షన్ మీకిచ్చింది.

గడువు మాత్రం మరిచిపోకండి. 2022 ఏప్రిల్ 1 నుంచి ప్రమాదం జరిగిన 6 నెలల లోపే పిటిషన్ వేయాలి. ఈ నిబంధనను సవాలు చేస్తూ సుప్రీంకోర్టుకు వెళ్లినవాళ్లున్నారు. వాళ్ల కేసు మీద ఆశ పెట్టుకుని మీరు ఆలస్యం చేయకండి. ‘వచ్చే నెల ఇస్తా’ అంటూ అవతలివాడు లాగే నెలలు ఈ 6 నెలల్లోంచే తరిగిపోతాయి. నాలుగో నెల దాటిందంటే మాటలు ఆపి వకీలును కలవండి. అంతకుముందే ఆర్సీలోని అడ్రస్‌కు లీగల్ నోటీసు పంపి ఉంచండి. 2025లో రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు రుజువు దాచుకోండి.

పిటిషన్‌లో ప్రతివాదులుగా డ్రైవరునూ ఓనరునూ ఇద్దర్నీ చేర్చాలి. ఓనరంటే ఎవరన్న దగ్గర చాలా కేసులు చిక్కుపడతాయి. ‘ఆ బండి నేను రెండేళ్ల కిందటే అమ్మేశాను, కాగితాలు మార్చుకోలేదంతే’ అని బామ్మర్ది చెప్పవచ్చు. 2018లో నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు దీనికి జవాబిచ్చింది. బండి ఎన్ని చేతులు మారినా రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉందో చట్టం దృష్టిలో వాళ్లే ఓనరు, పరిహారం బాధ్యత వాళ్లదే. ప్రమాదం నాటికి ఆర్సీ ఎవరి పేరున ఉందో ఆర్టీఓ ఆఫీసు నుంచి అధికారిక నకలు తీసుకుని పిటిషన్‌కు జతచేయండి. (మీరు కూడా ఎప్పుడైనా బండి అమ్మి పేరు మార్పించకుండా వదిలేసి ఉంటే, ఈ పేజీ ఇక్కడ ఆపి ముందు ఆ పని చూసుకోండి.)

ట్రిబ్యునల్‌కు నష్టాన్ని రుజువు చేసేవి జీఎస్టీ నంబరున్న బిల్లులు, డబ్బు కట్టిన రసీదులు, సర్వేయరు రిపోర్టు, ఎంవీఐ రిపోర్టు, ఎఫ్‌ఐఆర్, ఫొటోలు. చేతిరాత ఎస్టిమేషన్ ఒక్కదానితో పని జరగదు. వీలైతే షెడ్డు యజమానిని సాక్షిగా పిలిపించాలి, ఆ సంగతి రిపేరు చేయించేటప్పుడే ఆయనకు చెప్పి ఉంచండి. బండి లాగించిన క్రేను ఖర్చు, రిపేరు జరిగిన రోజుల్లో అద్దె కారు ఖర్చు కూడా బిల్లులతో అడగొచ్చు. క్లెయిములో పాత గీతలు, పాత సొట్టలు కలపకండి. ఒక్క పాత సొట్ట బయటపడితే మిగతా నిజమైన బిల్లుల మీద కూడా నమ్మకం పోతుంది. మీ వైపు కూడా కొంత తప్పుందని తేలితే ఆ మేరకు పరిహారం తగ్గుతుంది.

ఇన్సూరెన్స్ లేని బండి విషయంలో మీకు అనుకూలంగా ఉన్న ఒక పట్టు గురించి చెప్పాలి. ప్రమాదం చేసిన బండికి బీమా లేకపోతే, రాబోయే పరిహారానికి తగిన పూచీకత్తు ఓనరు చూపించేదాకా కోర్టు ఆ బండిని విడుదల చేయకూడదని, ప్రాణనష్టం, గాయాలతో పాటు ఆస్తి నష్టానికి కూడా ఇది వర్తించాలని 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది. పూచీ చూపించకపోతే 3 నెలల తర్వాత బండిని వేలం వేసి ఆ డబ్బు ట్రిబ్యునల్‌లో జమచేయాలి. కాబట్టి బండి స్టేషన్లో ఉండగానే మీ వకీలు చేత మేజిస్ట్రేటు ముందు ఈ విషయం ఎత్తించండి. పొట్టకూటి బండి స్టేషన్లో ఎండకు ఎండుతుంటే, అప్పటిదాకా ఫోన్ ఎత్తని ఓనరు తనంతట తానే మాటలకు వస్తాడు. మెజారిటీ కేసులు తేలేది ఈ దశలోనే అని నా నమ్మకం. బండి విడుదలై వెళ్లిపోయాక ఆ పట్టు మీ చేతిలో ఉండదు.

అవార్డు వచ్చాక కూడా ఓనరు కట్టకపోతే 174వ సెక్షన్ ఉంది. మీరు దరఖాస్తు చేస్తే ట్రిబ్యునల్ కలెక్టరుకు సర్టిఫికెట్ పంపుతుంది, భూమి శిస్తు బకాయి వసూలు చేసినట్టే ఆ మొత్తాన్ని వసూలు చేస్తారు. అవార్డు మీద వడ్డీ కూడా వస్తుంది, పిటిషన్‌లోనే వడ్డీ అడగడం మరిచిపోకండి. వివాదంలో ఉన్న మొత్తం లక్ష లోపైతే దాని మీద హైకోర్టుకు అప్పీలు లేదు, కాబట్టి చిన్న క్లెయిములను అప్పీళ్ల పేరుతో సాగదీయడం అవతలివాళ్ల వల్ల కాదు.

డబ్బు వాయిదాల్లో వస్తుంటే ప్రతి వాయిదాకూ రసీదు ఇవ్వండి, ప్రోనోటు వెనక తేదీ వేసి అతని సంతకంతో జమ రాయించండి. అలా సంతకంతో రాసిన జమ తేదీ నుంచి 3 ఏళ్ల గడువు మళ్లీ కొత్తగా మొదలవుతుంది. చివరి వాయిదా అందినరోజు నోటును అతని చేతికి తిరిగిచ్చేయండి, స్టేషన్లోనూ ట్రిబ్యునల్‌లోనూ ఉన్న ఫిర్యాదుల్లో రాజీ అయినట్టు మెమో వేయించండి, మీ కంపెనీకి అందిన మొత్తం తెలియజేయండి.